లౌరి గారికి తెలియని సగం

మా వీధి మలుపులో ఇనుప గేట్లు చేసే దుకాణం ఉంది. అక్కడి నుంచి వెల్డింగ్ వాసన వచ్చినప్పుడల్లా నాకు బహ్రెయిన్‌లోని ఓడల మరమ్మతు యార్డు, అక్కడ నా పై అధికారి లౌరి గారు గుర్తుకు వస్తారు. తొంభైలలో ఆయన కింద సూపర్‌వైజరుగా పనిచేశాను. ఫిన్లాండు దేశస్థుడు, మితభాషి. ఓడ ట్యాంకులోకి మనుషులను దించే ముందు, సూచన విన్న ప్రతివాడూ దాన్ని తన మాటల్లో తిరిగి అప్పజెప్పాలన్నది ఆయన నియమం. “తల ఊపడం జవాబు కాదు” అనేవారు. మనవాళ్లు దేనికైనా తల ఊపుతారు కనుక ఆ నియమం నాకు మొదటి రోజే నచ్చింది.

ఒకసారి ఎస్తోనియా ఓడ వచ్చింది. దాని ఇంజనీరుకు ఇంగ్లీషు అంతంతమాత్రం. లౌరి గారు ఫిన్నిష్‌లో అడుగుతుంటే, అతడు తన ఎస్తోనియన్‌లో తడుముకోకుండా జవాబిస్తున్నాడు. రెండూ అక్కచెల్లెళ్ల వంటి భాషలని మేము విని ఉన్నాము. నిజామాబాద్ నుంచి వచ్చిన వెల్డర్ గంగారాం, “ఇద్దరిది ఒక్క తీరు భాషనే గద సార్! ఇంకేంది, యల్లా, నడువుండ్రి, దిగుదమా?” అంటూ నిచ్చెన వైపు నడిచాడు.

లౌరి గారు చేయి అడ్డుపెట్టారు. ఆలస్యమవుతోందని యార్డు మేనేజరు విసుక్కున్నాడు. “మీ చుట్టాల భాషే కదా, ఇంకా సందేహమేమిటి?”

“నా మాట అతనికి పూర్తిగా తెలిసింది. అతని మాట నాకు సగమే తెలిసింది,” అన్నారు లౌరి గారు అందరి ఎదుటా. “మిగతా సగంలో ఏముందో తెలియకుండా నా మనుషులను దించను.”

ఇంజనీరు చేతికి సుద్దముక్క ఇచ్చి డెక్కు మీద మోకాళ్లపై కూర్చున్నారు. అతడు నిదానంగా చెబుతూ బొమ్మ గీస్తుంటే, లౌరి గారు దాన్ని తన భాషలో బడిపిల్లవాడిలా అప్పజెప్పారు. తప్పినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టారు. చివరికి విషయం తేలింది: మేము వెల్డింగ్ చేయబోయే గోడకు అవతలి ట్యాంకులో చమురు ఇంకా తీయలేదు. గోడ కాలితే లోపల ఎవరూ మిగిలేవారు కాదు. మేనేజరు చమురు తోడే పంపు తెప్పించడానికి వెళ్లాడు.

సాయంత్రం టీ దగ్గర అడిగాను, మీ మాట వాళ్లకు తెలిసినంతగా వాళ్ల మాట మీకు ఎందుకు తెలియదని.

“సముద్రానికి అవతలి ఒడ్డున ఎస్తోనియా వాళ్లు మా టీవీ చూస్తూ పెరిగారు. మేము వాళ్లది చూడలేదు. చుట్టరికం ఒక్కటే చాలదు మూర్తీ, చెవి పెట్టాలి.”

కాకినాడవాడినైన నేను ఈ సంగతి గంగారాంకు చెబితే పకపకా నవ్వాడు. “మనది గంతే గద సార్! మీ తెలుగు నాకు మొత్తం సమజైతది, సిన్మాలు జూస్త గద. నాదే మీకు సగం!”

చమురు తీయించి, శుభ్రం చేయించాక మళ్లీ దిగే వేళ గంగారాం అన్నాడు: “సార్, పైన గాలి గొట్టే ఫ్యాన్ బందైతె తాడు గుంజుండ్రి, మేం ఎల్లొస్తం.”

“ఫ్యాను ఆగితే నేను తాడు లాగాలి, మీరు బయటికి వచ్చేస్తారు. అంతేనా?”

“గంతే! పాసయిండ్రు సార్!”

ఒక్క ముక్క తెలుగు రాని లౌరి గారు పక్కనే నిలబడి, జరిగింది గ్రహించి, ఆ ఒక్కసారి తానూ తల ఊపారు.

నేటికీ ఎవరు ఏ యాసలో ఏది చెప్పినా నా మాటల్లో తిరిగి అప్పజెప్పి, “అంతేనా?” అని అడుగుతాను. మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను లౌరి గారి దగ్గర పనిచేసినవాడిని.