మావయ్య అడిగిన రెండు పేజీలు

మావయ్య పోయాడన్న కబురు నాకు క్లాసు మధ్యలో అందింది. శృంగవరపుకోట నుంచి వచ్చిన మనిషి వరండాలో నిలబడ్డాడని అటెండరు చెవిలో చెప్పాడు. బయటికి వెళ్లి విన్నాను. లోపలికి వచ్చి మిగిలిన పద్యానికి అర్థం చెప్పి, గంట కొట్టాక గానీ బయలుదేరలేదు. ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు. అడిగితే, పాఠం మధ్యలో ఆపకపోవడం నా నియమం అనేవాణ్ణి. ఆయన విషయంలో నా నియమాలన్నీ నాకు బాగానే పనికొచ్చాయి.

మా అమ్మకు ఆయన తమ్ముడు. ఒక మాయల నవల రాశాడు. దాని పేరు మీరు విని ఉండరు, వినకపోవడంలో మీ తప్పేమీ లేదు. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచేవాడు. అందరూ పలికాకే లోపల అడుగుపెట్టేవాడు. ఆ అలవాటు ఆయనకు మస్తరు పని నుంచి వచ్చింది.

చదివింది ఎనిమిదో తరగతి. ఉన్నది మెట్ట పొలం. వానలు మొహం చాటేసిన ఏడాది, కొత్తవలస నుంచి కొండల్లోకి రైలుదారి వేస్తున్నారని తెలిసి, కూలీల హాజరు రాసే మస్తరు పనిలో కుదిరాడు. పొద్దున ఒకసారి, పని దిగాక ఒకసారి పేర్లు పిలవాలి. సాయంత్రం పిలుపుకు ఎవరూ ఆగేవారు కాదు. అరిచి అరిచి గొంతు పోయాక ఆయనకు ఒక ఉపాయం తోచింది. ఆఖరి పేరు పిలిచాక ఒక కథ ముక్క చెప్పడం మొదలుపెట్టాడు. కొండను తొలుచుకుంటూ పోతే దాని కడుపులో ఒక రాజ్యం తగులుతుంది. అక్కడ పని మనుషులు చేస్తారు, అన్నం వాళ్ల నీడలకు పెడతారు. మనిషి చిక్కిపోతుంటే నీడ బలుస్తుంది. మర్నాటి నుంచి ఒక్కడూ ముందుగా వెళ్లలేదట. రేపటి కథను పాత మస్తరు కాగితాల వెనక రాసుకునేవాడు. ఆయన రచయిత అయిన దారి అదే. ఏ గురువూ లేడు, ఏ పత్రికా అడగలేదు.

పట్టాలు పడ్డాయి. కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కథ మాత్రం సగంలో ఉండిపోయింది. ఆ కొండరాజ్యపు రాజకుమారి నీడ ఆమెను వదిలేసి రాక్షసుడి కొలువులో చేరింది, అక్కడికి ఆగింది. సంతలో కనబడినవాళ్లల్లా అదే అడిగేవారట.

"బాబూ, ఆ నీడ తిరిగొచ్చినాదేటి, అని అడుగుతన్నారు. నాకు అన్నం సయించడం నేదురా అల్లుడా" అన్నాడొకరోజు నాతో. "కత ఎత్తుకున్నోడు సివరిదాకా సెప్పాల. అన్ని ఊర్లూ తిరిగి సెప్పలేను గదా. పుస్తకం ఏస్తాను. ఇంటికొకలైనా సదివినోలు ఉంటారు."

బెజవాడలో ఒక పబ్లిషరు చదివి, బాగుందని, ఒక్క మార్పు కోరాడు. రాక్షసుడి యాస నవ్వు పుట్టిస్తుంది కాబట్టి ఉండవచ్చునట. రాజకుమారి మాత్రం మంచి తెలుగు మాట్లాడాలట. మావయ్య ఆ ఉత్తరం నాకు చూపించాడు.

"రాచ్చసుడొక్కడేనేటి మన మాట మాటాడాల?"

"ఆయన చెప్పింది సబబే మావయ్యా" అన్నాను. అప్పటికే మా ఊరి మాటను నాలుక మీంచి గీకేసుకుని ఏళ్లయింది నాకు.

"నువ్వూ పబ్లిషరువైపోనావు" అన్నాడు నవ్వుతూనే, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ.

సొంతంగా అచ్చు వేయించడానికి విజయనగరంలో ఒక చిన్న ప్రెస్సు చూసుకున్నాడు. వాళ్ల దగ్గర ఎనిమిది పేజీలకు సరిపడా అక్షరాలే ఉండేవి. ఒక ఫారం, అంటే ఆ ఎనిమిది పేజీలు, అచ్చయ్యాక అక్షరాలు విప్పి గళ్లలో పోసుకుంటేనే తర్వాతి ఫారం. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. మూడో ఫారంలో చంపేసిన గుర్రాన్ని మరిచిపోయి తొమ్మిదో ఫారంలో రాజకుమారిని దానిమీద ఎక్కించాడు. అచ్చయ్యాక చూసుకుని, పదో ఫారం మొదట్లో ఆమె చేత "కొండలోపల సచ్చినా పని తప్పదు" అనిపించాడు. ఈ సంగతి పడీపడీ నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఇప్పుడు నవ్వొస్తోంది, చూడ్డానికి ఆయన లేడు.

పేరు పేజీ, ముందుమాట ఉండే ఫారం అచ్చాఫీసుల్లో ఆఖరున వేస్తారు. దానికోసం నా దగ్గరకు వచ్చాడు. రెండు పేజీలు చాలన్నాడు. "సదువుకున్నోడి ముందుమాట నేని పుస్తకం పెద్దలు నేని పెళ్లిరా" అన్నాడు. రాస్తానన్నాను.

నాకు తీరిక లేకపోలేదు. మాయల నవల మీద నా పేరు కనబడితే కాలేజీలో తోటివాళ్లు నవ్వుతారని భయం. రాయనని మొహం మీద చెప్పే ధైర్యమూ లేదు. పరీక్షలన్నాను, దసరా అన్నాను, కళ్లు మంటలన్నాను. అలా రెండేళ్లు తిప్పాను. అచ్చయిన ఫారాలు కట్టలుగా ప్రెస్సులో పడి ఉన్నాయి. "తొందరేటి నేదు. బాగా రాయాల గదా నువ్వు" అనేవాడు. ఒకసారి మాత్రం కుర్చీ అంచున కూర్చుని, "ఆ కత ఇన్నోల్లలో ముగ్గురు పోనారురా. నీడ వచ్చినాదో నేదో తెలీకుండానే పోనారు" అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. ఆయన లేచాడు. తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పీడ వదిలిందనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక ప్రెస్సుకు వెళ్లాను. ఇప్పుడు రాసిస్తాను, పుస్తకం పూర్తి చేయమని చెప్పడానికి. పోయినవాళ్లను పొగడడం మా వృత్తిలో కష్టమేమీ కాదు.

యజమాని నన్ను ఎగాదిగా చూశాడు. "పుస్తకం నాలుగు నెల్ల కిందటే అయిపోనాది గదండీ. ఆయనే బుజానేసుకుని సంతలన్నీ తిరిగినారు. మీకు ఇవ్వనేదేటి?"

"మరి ముందుమాట?"

"మా అల్లుడికి తీరిక నేదు, జాగా ఒగ్గీండి, ఈలైనప్పుడు సేత్తో రాస్తాడన్నారు. ఒగ్గీసినాం."

అతని దగ్గర ఒక్క ప్రతీ మిగల్లేదు. అత్తయ్య దగ్గరా లేదు. అడిగి అడిగి, చివరికి బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో, రైలుదారి పనికి వెళ్లొచ్చిన ఒక ముసలాయన ఇంట్లో చూశాను. ఆయన పుస్తకం నా చేతికిచ్చాడు గానీ, "ఈడనే సూసుకోండి బాబూ, అట్టుకెల్లిపోకండి" అని ఎదురుగా కూర్చున్నాడు.

ముందుమాట అన్న శీర్షిక ఉంది. దానికింద రెండు పేజీల ఖాళీ ఉండవలసిన చోట పెన్సిలు రాత ఉంది. ముసలాయన చెప్తుంటే కూతురు రాసిందట.

"మా అయ్య సెప్తే రాస్తన్నాను. ఈ కత కొండకాడ సగమే ఇన్నాను. ఇప్పుడు మా అమ్మి సదివితే మొత్తం ఇన్నాను. నీడ తిరిగొచ్చినాది. శానా బాగున్నాది."

దాని కింద నా పేరు, నా పట్టా, నా ఉద్యోగం, పొల్లు పోకుండా అచ్చయి ఉన్నాయి.