దావీదురాజు పెట్టకూడని వందనం

కమలాపురంలో బోరు మోటార్లు చుట్టే దావీదురాజుకు రెండు సంగతుల్లో పేరుంది. ఒకటి, ఆయన వేసిన జాయింటు మూడువందల అడుగుల లోతున నీళ్లలో నానినా ఊడదు. రెండోది, మనిషి ఎదురైతే చాలు, చేతిలో ఏమున్నా వదిలేసి రెండు చేతులూ జోడించి "వందనాలు" అంటాడు. చిన్నప్పుడు చర్చిలో పట్టిన అలవాటు. దీనివల్ల ఎన్ని స్పానర్లు బోరుగుంతల్లో పడ్డాయో దేవుడికే ఎరుక.

రెండువేల ఎనిమిదిలో, కూతురు కృపారాణి ఎంసీఏ ఆఖరు పరీక్ష రేపనగా, ఆమె పాత ల్యాప్‌టాపు చార్జరు పిన్ను దగ్గర వైరు తెగి చచ్చింది. బ్యాటరీ అంతకుముందే చచ్చింది. కడప అంగడికి ఫోన్ చేస్తే, ఆ పిన్నుండే చార్జరు హైదరాబాదు నుంచి రావాలి, నాలుగు రోజులన్నారు. ఎవరు చేసిన ప్రోగ్రాం వాళ్లు తమ ల్యాప్‌టాపు మీదే మర్నాడు పదింటికి నడిపి చూపాలి. లేదంటే ఏడాది పోయినట్టే.

"మోటార్లు చుట్టేటోనికి ఇదొక లెక్కనా?" అంటూ దావీదురాజు ప్లగ్గు పీకి, పిన్ను దగ్గర వైరు కోశాడు. లోపల ఒకటే తీగ, దాని చుట్టూ సన్నటి రాగి వల. ఎలుకలు కొరక్కుండా వేసిన తొడుగనుకుని ఆ వలను శుభ్రంగా గొరిగేశాడు. తర్వాత రెండో తీగ కోసం వెతకసాగాడు.

"ఒంటి తీగతో కరెంటు ఎట్ల పోతాది పాపా? దీన్ని చేసినోడు రెండోది మర్చిపోయినాడు."

"ఆ వలే రెండో తీగ నాయనా!" కృపారాణి నెత్తి కొట్టుకుంది.

వలలో మిగిలిన నాలుగు పోగులూ మెలేసి జాయింటు వేశాడు. సైకిలు ట్యూబు చుడితే ల్యాప్‌టాపు లైటు ఆరుతుంది, వేళ్లతో నొక్కి పడితే వెలుగుతుంది. అదీ ఆయన రెండు చేతులతో పట్టుకుంటేనే. కూతురు పడితే వెలగదు. అంత పేరున్న మనిషికి సిగ్గుతో అన్నం దిగలేదు.

మర్నాడు కడప బస్సులో కృపారాణి దారి పొడవునా ఒకటే మాట. "ఎవురొచ్చినా సరే, వందనాలు మాత్రం పెట్టొద్దు నాయనా."

కాలేజీలో దావీదురాజు బల్ల పక్కన గొంతుక్కూచుని వైరు పట్టుకున్నాడు. ప్రిన్సిపాలు వచ్చాడు, వందనం లేదు. మేడములు వచ్చారు, లేదు. ఆయన మొహం చూసినవాళ్లు పాపం, కడుపునొప్పేమో అనుకున్నారు.

ఏ చేన్లో ఎంత లోతున నీళ్లు పడ్డాయో, మోటారు ఎంతవరకు దించాలో చెప్పే ప్రోగ్రాం కృపారాణిది. పరీక్ష చేయడానికొచ్చిన పెద్దసారు చాలాసేపు చూశాడు. "ఇన్ని బోర్ల వివరాలు నీకెక్కడివమ్మా?"

కృపారాణి కిందికి చూపించింది. "మా నాయనకు అన్నీ నోటికే వచ్చు సార్. ఆయప్ప చెప్తాంటే నేను టైపు కొట్టుకున్నా."

సారు కుర్చీలోంచి లేచి, వంగి, "నమస్కారం పెద్దాయనా" అన్నాడు.

అంత పెద్దసారు ముందుగా చేతులెత్తితే దావీదురాజు ఆగగలడా? చేతులు వాటంతటవే కలిశాయి. "వందనాలు సార్!"

ల్యాప్‌టాపు టప్పున ఆరిపోయింది.

"ఇడిసినా పాపా!" అంటూ ఆయన వైరు కోసం నేలంతా తడుముకుంటుంటే, సారు అప్పటికే మార్కుల కాగితం మీద సంతకం పెడుతున్నాడు. "చూడాల్సింది చూశాను. కంగారు పడకండి."

కృపారాణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తండ్రి చేతికి దొరికిన వైరును మెల్లగా తీసుకుంది.

"ఇంక పెట్టుకో నాయనా, అందరికీ."