బదరీ మీదుగా భానూరు

ఆ రోజుల్లో నడకను ఎవరూ వ్యాయామం అనేవారు కాదు. నడక అంటే బండి దొరకనివాళ్లు పడే కష్టం. వ్యాయామం కావాలంటే తాలీంకు, అంటే కుస్తీ గోదాకు, పోవాలి. సంగారెడ్డిలో మా గల్లీ చివర ఒక తాలీం ఉండేది. దాన్ని నడిపే ఉస్తాద్ పగలంతా దర్జీ, పొద్దున మాత్రం మమ్మల్ని మట్టిలో పొర్లించే గురువు. ఆయన చలవ వల్ల పంతొమ్మిదేళ్లకే నాకు మెడ కనపడకుండా పోయింది. ఊరంతా నన్ను పహిల్వాన్ అనేది. (ఒక్క కుస్తీ కూడా గెలిచిన పాపాన పోలేదు గాని, అద్దం ముందు మాత్రం ఏనాడూ ఓడలేదు.) పోలీసు యాక్షన్ గొడవలు సద్దుమణిగి కొన్నేళ్లయింది. పటాన్‌చెరులో ఇంకా ఒక్క పొగగొట్టం లేదు, పాశమైలారం అంటే జొన్నచేలే. అంత ప్రశాంతమైన కాలంలో నా కండలకు పని ఎక్కడ దొరుకుతుందా అని నేను ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి. పని దొరికింది. దొరకకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మా మేనత్త బాపుకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, మా ధాన్యం దుకాణం వెనక ఇంట్లోనే ఉండిపోయింది. వంటింటి నుంచి బావి, బావి నుంచి వంటిల్లు, మధ్యలో కందులు చెరగడం, ఇదీ ఆమె ప్రపంచం. ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. భానూరులో చిన్ననాటి సోపతిది ఉంది, ఆమెను చూసి రావాలి. భానూరు ఎంత దూరం? బస్సులో పటాన్‌చెరు, అక్కణ్ణుంచి నడక. పొద్దున పోతే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. కాని అత్త అడిగినప్పుడల్లా బాపు ఒకటే మాట అనేవాడు. "ఒక్కదానివి ఎట్ల పోతవక్కా? నేనే తోల్కపోత." తోల్కపోయే తీరిక ఆయనకు ఎన్నడూ కాలేదు. ఒక మాటు కందులు వచ్చేవి, ఒక మాటు బేరగాళ్లు వచ్చేవాళ్లు, ఏదీ రానప్పుడు ఏదో ఒకటి వస్తుందేమోనని కూర్చునేవాడు.

ఒకరోజు దుకాణంలో ఉస్తాద్ కూడా ఉండగా అత్త మళ్లీ అదే మాట ఎత్తింది. బాపుకు చిర్రెత్తుకొచ్చింది. "ముందుగాల బద్రీకేదారం నీ కాళ్ల మీద నడిసి పోయిరా. అటెన్క భానూరు గాదు, బొంబాయి పో! అడ్డమొస్తే అడుగు!" అన్నాడు. ఆయన ఉద్దేశంలో అది కుదరదని చెప్పే పద్ధతి. అత్త మాత్రం చేతిలో చాట కింద పెట్టింది.

"గట్లనా తమ్మీ? ఉస్తాద్, ఇన్నవు గదా?"

"సునా బీబీ, సాఫ్ సునా. సేట్ జబాన్ దియే," అని సేట్ మాటిచ్చినట్టు సాక్ష్యం పలికాడు ఉస్తాద్, నోట్లో ఉన్న దారప్పోగు తీసి మరీ.

బాపు గొంతులో వెలక్కాయ పడింది. భానూరుకు పంపనన్నా ఎవరూ ఏమీ అనరు. బదరీకి పోతానంటే వద్దన్న సేట్‌తో ధాన్యం గంజ్ బజారులో ఎవరు బేరం చేస్తారు? (పది కోసులు పోవడం తిరుగుబోతుతనం, వెయ్యి కోసులు పోవడం భక్తి. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.) చివరికి నన్ను తోడిచ్చి పంపాలని తేల్చారు. బయల్దేరే ముందు బాపు నన్ను పక్కకు పిలిచాడు. "అత్తకు మోకాళ్లు నొస్తయ్‌రా. ఏడ కూలబడితే ఆడ మనిషిని మోసే గంప మాట్లాడు. జెర కనిపెట్టి ఉండు." నేను భుజం మీద తట్టుకుని, "గంపెందుకు బాపు, నేనే ఎత్తుకుంట," అన్నాను. ఉస్తాద్ అత్తకు ఒక పొట్లం సూదులు, రెండు దారపుండలు ఇచ్చాడు. దర్జీ దగ్గర ఇంకేం ఉంటాయని నేను మనసులో నవ్వుకున్నాను.

హరిద్వారం దాటాక బస్సు ఎంతవరకు పోగలదో అంతవరకు పోయి, ఇక నడవండని దింపేసింది. అదే బస్సులో పటాన్‌చెరు బెల్లం సేటొకడు మాకు పరిచయమయ్యాడు. ఆయన ముందు బదరీకని ఒక దారి పట్టాడు, మేము ముందు కేదారానికని ఇంకో దారి పట్టాం. అత్త చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకుంది. నేను హైదరాబాదు పత్తర్‌గట్టిలో కొన్న మిలటరీ బూట్లు వేసుకున్నాను. అవి ఒక సైజు చిన్నవి. దుకాణంవాడు "పహిల్వాన్ సాబ్ కాళ్లు చూడు, దొరసాని కాళ్లలాగా ఉన్నయ్" అని పొగడడంతో పెద్దవి అడగడానికి మొహం చెల్లలేదు. మొదటి చట్టి చేరేసరికి బొబ్బలెక్కాయి. చట్టి అంటే దారిపక్కన గడ్డికప్పు కొట్టు. కొట్టువాడి దగ్గర పిండీ పప్పూ కొంటే వండుకోవడానికి గిన్నెలు, పడుకోవడానికి చోటు ఊరికే ఇస్తాడు. నేను బూట్లు విప్పుకుని మూలుగుతుంటే, అత్త వాడి పప్పు అరచేతిలో వేసుకుని ఊది, పుచ్చులు ఏరి వాడి ముందరే పెట్టి, భాష రాకుండానే మంచి పప్పు తీయించింది.

తర్వాత రోజులన్నీ అంతే. అత్త ముందు, నేను వెనక. కొద్ది రోజులకు అత్త చాలా ముందు, నేను చాలా వెనక. పలకరాళ్ల కప్పుల ఊళ్లు వచ్చేవి, మెట్లుమెట్లుగా చేలు ఉండేవి, గడ్డిమోపులు మోస్తూ ఆడవాళ్లు ఎదురయ్యేవాళ్లు. వాళ్లు యాత్రికులను అడిగేది దేవుడి ప్రసాదం కాదు, సూదీ దారం. ఆ కొండల్లో అవి దొరకవట! ఉస్తాద్ పొట్లం విప్పగానే అత్త చుట్టూ జాతర చేరేది. వాళ్లు మజ్జిగ ఇచ్చేవారు, అక్రోటుకాయలు ఒళ్లో పోసేవారు. అత్త తెలంగాణలో మాట్లాడేది, వాళ్లు పహాడీలో మాట్లాడేవారు, అయినా ఒకరింటి సంగతులు ఒకరికి పూసగుచ్చినట్టు చెప్పుకునేవారు. నేను చేరేసరికి మజ్జిగ అయిపోయేది. కేదారం దగ్గర మంచు మీద మాత్రం అత్త పాదాలకు గోనెపట్టాలు చుట్టుకుంది. మా దుకాణం గోనెలే. వాటి మీద బాపు పేరు అచ్చయి ఉండేది, కనుక ఆయన కూడా ఒక విధంగా కేదారం దాకా వచ్చినట్టే.

కేదారం నుంచి బదరీకి మళ్లాక, నా కథ తుంగనాథం ఎక్కుడు దగ్గర ముగిసింది. ఊపిరి ఆడలేదు, తొడలు వణికాయి, ఒక బండ మీద కూర్చుని "అత్తా, నేనిగ రాను. గీడ్నే ఉంట. నన్ను గీడ్నే మర్చిపోన్రి," అన్నాను. అత్త వెనక్కి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది.

"లేస్తవా, ఎత్తుకోవాల్నా?"

అంత బాధలోనూ ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఆమె పోయి ఒక నేపాలీని పిలుచుకొచ్చింది. వాడి వీపు మీద వెదురుగంప, దాని పట్టీ నుదుటికి. వాడు నా చుట్టూ ఒకసారి తిరిగి, మా హమాలీ జొన్నబస్తాను చూసినట్టు చూసి, "దో సవారీ" అన్నాడు. మనిషిని ఒక్కణ్ణే అయినా ఇద్దరి కింద జమకట్టాడు. తాలీంలో ఇన్నేళ్లు పెంచిన ఒళ్లు అక్కడ ఆ విధంగా గుర్తింపు పొందింది.

గంపలో కూర్చున్నవాడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. ఎదురుగా ఏం వస్తుందో కనపడదు, దాటి వచ్చిన దారే కనపడుతుంది. అత్త నాకు తన గొంగడి కప్పి, చోటు చూసి పెడతానని చట్టికి ముందే పోయింది. పొగమంచు కమ్ముకుంది. కొంత దూరం పోయాక నా వీపు వెనక నుంచి, అంటే పై దారి నుంచి, ఒక తెలుగు గొంతు "జై బద్రీ విశాల్!" అంది. బెల్లం సేటు! బదరీ అయిపోయి కేదారానికి దిగుతున్నాడు. ఆయన నన్ను గంపలో చూశాడంటే ఊరు చేరిన వారం తిరగకుండా పటాన్‌చెరు అంగట్లో బెల్లంతో పాటు నన్నూ తూకం వేస్తాడు. గొంగడి నెత్తి మీదికి లాక్కుని ముడుచుకుపోయాను.

ఆయన దాటిపోతూ ఆగాడు. "అయ్యో, గీ ఎర్రంచు గొంగడి సంగారెడ్డి అక్కది గదా! మోకాళ్లు పట్టేసినయా అక్కా? పిల్లగాడేడి?"

నేను పలకలేదు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటుంటే లోపలి నుంచి సన్నగా "అమ్మా" అని ఒక మూలుగు మాత్రం వచ్చింది. "పాపం, మాట గూడ వస్తలేదు," అనుకుంటూ ఆయన నా ఒళ్లో ఒక బెల్లపుగడ్డ పెట్టి దిగిపోయాడు. (బెల్లం చాలా బాగుంది.)

చట్టిలో అత్తకు ఈ ముచ్చట చెప్తే పొయ్యి దగ్గర కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"ఆయన మనకంటె ముందు ఇల్లు చేర్తడు గదరా?"

"అవును."

"దుకాణంల జెప్తడు గదా?"

అప్పుడు నాకు బల్బు వెలిగింది. ఆ చలిలోనూ చెమట పట్టింది. "నేను నడిసింది దేవుడు సూస్తుండు బిడ్డా," అంది అత్త, రొట్టె తిప్పుతూ. "మీ బాపు సూస్తలేడు. భానూరుకు పంపాల్సింది దేవుడు గాదు, మీ బాపు." ఆమె కాలినడకకు నా పిరికితనం అడ్డం పడిందని నిజంగానే ఏడుపు వచ్చింది. మర్నాడు పట్టుదలగా నడిచాను. మధ్యాహ్నానికి ఆ పట్టుదల కూడా గంపెక్కింది. బదరీలో అత్త దేవుడి ముందు చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చాక ఏం మొక్కావని అడిగితే, "భానూరు," అంది.

సంగారెడ్డిలో బస్సు దిగేసరికి బాజా సిద్ధంగా ఉంది. దండలన్నీ నా మెడలో పడ్డాయి (మెడ ఎక్కడుందో వాళ్లకెలా దొరికిందో!). బెల్లం సేటు పని పూర్తి చేశాడు. ముసలావిడను గంపలో పెట్టించి, కొండలన్నీ నడిచి ఎక్కిన మేనల్లుడని ఊరంతా అనుకుంటోంది. "గంపెక్కింది నేను, అత్త గాదు," అని బస్సు మెట్టు మీదే చెప్పాను. "ఎంత అణకువ!" అన్నారు. గట్టిగా చెప్పాను. "అత్త పరువు కాపాడుతుండు సూడు," అన్నారు. అత్తే స్వయంగా చెప్పింది. ఆమె మాట వినేదెవరు? ఉస్తాద్ అయితే చెవులు మూసుకున్నాడు. "మేరా పట్ఠా టోక్రీ మే? తౌబా తౌబా!" అని తన శిష్యుడు గంపెక్కాడంటే నమ్మనన్నాడు. నా జీవితంలో నేను నిజం చెప్పి గెలవాలనుకున్నది ఆ ఒక్కసారే, అప్పుడే నా పేరు మరీ మంచిదైపోయింది.

బాపు అత్త దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఎక్కితే ఎక్కినవ్ తియ్యక్కా, దేవుడేం అనుకోడు. గని మాట మాటనే గదా. భానూరుకు నేనే తోల్కపోత. ఈ కందుల పని కానియ్యి."

అత్త తన మూట చంకకెత్తుకుంది. ఆమె మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

మా ఇళ్లల్లో యాత్ర చేసి వచ్చినవాళ్లను గడప బయటే నిలబెట్టి కాళ్లు కడిగి లోపలికి పిలుస్తారు. ఆ వేళకు చిన్నా పెద్దా చూడరు. ఇంటి యజమానే కడగాలి. రెండు పీటలు వేశారు, ముందు ఇత్తడి తాంబాళం పెట్టారు. బాపు కింద కూర్చుని, ముందు అత్త పాదం తాంబాళంలోకి తీసుకుని నీళ్లు పోసి చేత్తో రుద్దాడు. రుద్దుతున్న చెయ్యి ఆగింది. పాదం పైకెత్తి చూశాడు. మడమలు నెర్రెలు విచ్చి ఉన్నాయి, వేళ్ల మధ్య మానిన పుండ్లు, అరికాలు చెప్పుతోలులా గట్టిపడి ఉంది. రెండో కాలూ చూశాడు. బాజావాళ్లు వాయించడం మానేశారు. బాపు ఆ కాలును అట్లాగే పట్టుకుని, "అక్కా," అన్నాడు. "ఇగ నువ్వేడికన్న పో. నన్ను అడగకు."

ఆ తర్వాత నా పాదం అందుకున్నాడు. గంపలో బొబ్బలన్నీ మానిపోయి మెత్తగా, తెల్లగా, దొరసాని పాదంలా ఉంది. ఆయన ఒకసారి దాన్ని చూసి, ఒకసారి నన్ను చూసి, నీళ్లచెంబు పక్కన పెట్టేశాడు.

"నీ కాళ్లెందుకురా? ఆ గంప మోసినోని కాళ్లు తీస్కరా, కడుగుత."

మూడో రోజు అత్త ఒక్కతే బస్సెక్కి భానూరు పోయింది. సాయంత్రం వచ్చి, సోపతిది ఇంకా పాత కథలే చెప్తోందని విసుక్కుంది. అయినా మళ్లీ వారం మళ్లీ పోయింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పాశమైలారం లారీలు మా రోడ్డు మీద నుంచే పోతాయి. ఎదురుగా చాయ్ బండి ఉంది. అక్కడికి పోదామని చెప్పులు వేసుకుంటే కోడలు, "ఒక్కరే ఎట్ల పోతరు మామయ్యా? ఆయన రానియ్యి, తోల్కపోతడు," అంటుంది. కొడుక్కు కంపెనీలో ఏదో ఒక షిఫ్టు ఉంటుంది. నేను అరుగు మీద కూర్చుని అత్తను తలుచుకుంటాను. ఆమెలాగా ఒక పందెం వేద్దామా అనుకుంటాను గాని, బదరీకి ఇప్పుడు గుడి దాకా బస్సు పోతుందట. నడిచి సంపాదించుకునే దారి కూడా లేదు. ఉన్నా, నా సంగతి నాకు తెలుసు కదా, మొదటి చట్టిలోనే గంప మాట్లాడుకుంటాను.