మక్కచేనులో పెళ్లి సీడీ

మా బామ్మర్ది కొడిమ్యాలలో మక్కచేను వేస్తాడు. మొక్కజొన్న కంకికి పాలు పట్టే వేళకు చిలుకలు దిగుతాయి. వాటిని బెదిరించడానికి అక్కడ అందరూ చేసేదే అతనూ చేస్తాడు. పాత క్యాసెట్ల రీలు కర్రల మధ్య లాగి కడితే గాలికి గుయ్యిమంటుంది, సీడీలు వేలాడదీస్తే ఎండకు తళుక్కుమంటాయి. నిరుడు కోరుట్లలో మా ఇంటి బీరువా సర్దుతూ ఒక సంచి నిండా క్యాసెట్లు, సీడీలు తీసి అతనికిచ్చాను. ఊరికే ఇవ్వలేదు. పారేసే వస్తువును మళ్లీ వాడుకోవడం ఎంత గొప్పదో గట్టు మీద నిలబడి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"మంచిగ జెప్పినవ్ బావా. జర గీ కొన వట్టుకో," అన్నాడు తాడు అందిస్తూ.

చిలుకలు తగ్గాయి. కోతులు మాత్రం సీడీల్లో మొహం చూసుకుని మరీ కంకులు విరిచాయి.

ఆ సంచిలో సగం చుట్టాల పెళ్లి సీడీలే. పెళ్లివారు ప్రేమగా చేతిలో పెడతారు, మనం తప్పక చూస్తామంటాం, బీరువాలో పెడతాం. నేను ఒక్కటీ చూడలేదు. వినియోగం కాకముందే పునర్వినియోగమైన సరుకు అది. అందులో మా అక్క పెళ్లి సీడీ కూడా ఉంది.

మొన్న సిరిసిల్ల నుంచి అక్క ఫోన్ చేసింది. ఆమె బిడ్డకు పెళ్లి కుదిరింది.

"తమ్మీ, నా పెండ్లి సీడీ నీ తాన ఉన్నది గదా? మాది గీతలు వడి ఆడ్తలేదు. పిల్ల చూస్తనంటున్నది."

"బీర్వల పైలంగ ఉన్నదక్కా."

"అయితె అయితారం నేనే అచ్చి తీస్కపోత."

ఫోన్ పెట్టగానే నా భార్య అడిగింది: "చేన్ల యాలాడేది బీర్వలకెప్పుడచ్చింది?"

మర్నాడే చేనుకు వెళ్లాను. సీడీ మీది బొమ్మలో బావ మీసం మాత్రం మిగిలింది. వెండిపూత పొరలుగా లేచిపోయింది. కంటికి ఆనించి చూస్తే అవతలి మక్కలు కనిపించాయి. పళ్లపేస్టు రాసి తుడిచి, జగిత్యాలలో పాత వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు వాసన చూసి, "దీనికి పండ్లు తోమిచ్చినవ్ గని నోరు తెరుస్తలేదన్నా," అని తిరిగిచ్చేశాడు.

ఆదివారం అక్క వచ్చింది. "చెమ్మ వట్టిందక్కా," అంటూ సీడీ చేతిలో పెట్టాను. ఆమె తిప్పి చూసింది. నడిమి రంధ్రంలో చేను దగ్గరి ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు పోగు ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో లాగుతూ అడిగింది.

"ఒక్కసారన్న చూసినవా రా?"

"ఎందుకు చూడలే? అప్పగింతలప్పుడు బాపు ఎంత ఏడ్సిండు!" అన్నాను. ఏ పెళ్లి సీడీలోనైనా తండ్రి ఏడవక మానడన్న ధైర్యం నాది.

"బాపు ఏడ్వలే. నేను బుగులు వడ్తనని నవ్వుకుంటనే సాగదోలిండు. ఏడ్సింది నువ్వు. వంటల టెంటు ఎన్క, గంజులు కడిగే కాడ. వీడియో ఆయన ఎట్ల అచ్చిండో ఏమొ, మొత్తం తీసిండు."

అప్పగింతల వేళ నేను నిజంగానే అక్కడ దాక్కున్నాను. నన్నెవరూ చూడలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ సీడీ ఒక్కసారి పెట్టుకున్నా తెలిసేది.

"పిల్లకు గదే చూపెడ్దామనుకున్న," అంది అక్క. "మామ మనింటికి రానే రాడు, నువ్వంటె ఆయనకు ప్రేమా పావురం లేదే అంటది పిల్ల."

పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి సిరిసిల్ల పోయి రావచ్చు. వీలు చూసుకుని వస్తానని ప్రతి పండక్కీ అనేవాణ్ణి. ఆ వీలు అనే చుట్టం మా గడప తొక్కలేదు.

ఇంతలో అక్క ఫోన్ మోగింది. మేనకోడలే. అక్క స్పీకర్ పెట్టింది.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది బిడ్డా. కని చెమ్మ వట్టి ఖరాబైంది. మామ పైలంగనే దాసిండు, పాపం."

తాడు పోగు అప్పటికి ఆమె వేలికి చుట్టుకుని ఉంది. అక్క నా వైపు చూడలేదు.

"పోనీ తియ్. ఇన్నేండ్లు దాసిపెట్టిండు గదా. మామకియ్యి, మాట్లాడుత."

అక్క ఫోన్ నా ముందుకు చాపింది. టీ పెడతానని చెప్పి వంటింట్లోకి నడిచాను. అక్కడ నా భార్య అప్పటికే టీ వడపోస్తోంది.