బెల్జియంలో గరగాట

మండపేట మిల్లుల దగ్గర బస్తాలు మోసే ముఠాలో ఆ ఏడు ఒకటే మాట తిరిగింది. బుల్లియ్య అమ్మవారి గరగని విమానం ఎక్కించి, తెల్లవాళ్ల ముందు స్టేజీ మీద ఆడించాడట. అందుకే జాతరకి ముందు కమిటీ పెద్దలు గరగని అతని దగ్గర నుంచి తీసేసుకున్నారట. ఎడంకాలు కూడా పడిపోయిందని ఎవరో కలిపారు. బుల్లియ్య ఆ ఎడంకాలితోనే చెక్క మీదుగా లారీలోకి బస్తా మోసుకెళ్తూ కళ్లెదుట కనిపిస్తున్నా ఆ మాట ఆగలేదు.

గరగంటే వాళ్ల ఊళ్లో వట్టి కుండ కాదు. పడగలు చెక్కి, రంగులు వేసి, పసుపు కుంకుమలతో అమ్మవారిని నిలిపిన ఘటం. తలకెత్తుకున్నవాడు చెయ్యి వెయ్యకుండా ఊరంతా ఆడాలి. తనంతట తాను ఎత్తుకోకూడదు, దించుకోకూడదు. ఉపవాసం ఉండి స్నానం చేసినవాళ్లు ఎత్తాలి, వాళ్లే దించాలి. ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి గరగ ఎత్తినవాడి కాళ్లు కడుగుతారు. తండ్రి పోయినప్పటి నుంచి ఆ కాళ్లు బుల్లియ్యవి. డప్పు జోరందుకున్నాక ఒంట్లోకి ఏదో దిగుతుంది. అది గరగ బరువులోంచే వస్తుందని తండ్రి చెప్పాడు. అతనూ అలాగే నమ్మాడు.

2001 జాతరకి కాకినాడ నుంచి సాయిసుధ అనే అమ్మాయి వచ్చింది. బెంగుళూరులో ఈ కాలపు నాట్యం నేర్చుకుంది. జాతరయ్యాక ఇంటికే వచ్చి, బెల్జియంలో రెసిడెన్సీ ఉంది, వస్తారా అని అడిగింది.

"అంటే ఏంటండీ?"

"కొన్ని దేశాలవాళ్లం ఒకే చోట ఉంటామండి. ఒకళ్ల ఆట ఒకళ్లు చూసుకుని, కలిసి ఏదన్నా చేస్తాం. టిక్కెట్టూ భోజనం వాళ్లదే."

"భోజనం వాళ్లదైతే వస్తాడండి," అంది లోపలి నుంచి బుల్లియ్య భార్య బేబి. "నా వంటకే వంకలు పెడతాడు."

కమిటీ పెద్ద పల్లంరాజుగారు ఒకటే షరతు పెట్టారు. "గరగ గుడి దాటకూడదురా. నువ్వెళ్లి ఏం ఆడుకుంటావో ఆడుకో."

"ఆయ్," అన్నాడు బుల్లియ్య. రాజమండ్రి బజార్లో ఒక ఇత్తడి బిందె కొనుక్కుని బయల్దేరాడు.

అక్కడ పాత బట్టల మిల్లుని హాలుగా మార్చారు. ఆ నేల మీద తక్కిన దేశాలవాళ్లు పొర్లేవారు, ఒకరి వీపు మీద ఒకరు వాలేవారు, ఉన్నట్టుండి ఆగిపోయి నిలబడేవారు. "ఇదీ ఆటేనంటారా?" అని అడిగితే, "ఆటేనండి," అనేది సాయిసుధ. అక్కడ పెద్దదిక్కు లీన్ అనే ఆవిడ. బిందెతో ఆడి చూపించమందావిడ. బుల్లియ్య అలవాటు కొద్దీ ఎత్తేవాళ్ల నియమం చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్న హాల్లోకి వెళ్లేసరికి అందరూ తడిజుట్టుతో, కాళ్లకి ఏమీ లేకుండా నిలబడి ఉన్నారు. ఎవరూ కాఫీ కూడా తాగలేదు. కొరియా నుంచి వచ్చినాయన కడుపులో చప్పుడు పైకే వినిపిస్తోంది.

బుల్లియ్యకి సిగ్గేసింది. "ఇది వట్టి బిందేనని చెప్పండమ్మా. దీనికి ఇవన్నీ అక్కర్లేదు."

లీన్ ఏదో అంది. సాయిసుధ తెలుగులో చెప్పింది. "వట్టిదైతే మీ ఒంటికి ఏం తేడా తెలుస్తుందని అడుగుతోందండి."

వట్టిది ఎప్పుడూ ఎత్తుకోలేదు కనక అతనికి తెలియదు. బిందె పక్కన పెట్టేశాడు. "అసలేం లేకుండా ఆడతాను. ఏదీ రాదు, చూడమనండి."

కొరియా ఆయన చెక్కపెట్టె మీద దరువేశాడు. బుల్లియ్య మెడ నిటారుగా నిలిపి మొదలుపెట్టాడు. రాదని చూపించడానికి ఆడిన ఆటలో అది వచ్చింది. ఎప్పటిలాగే వచ్చింది. తెలివొచ్చేసరికి హాలు ఆ చివర ఉన్నాడు. చెరోపక్కా లీన్, సాయిసుధ చేతులు పైకెత్తి, అతని తల మీద లేనిదాన్ని దించడానికి నిలబడి ఉన్నారు. వాళ్లు దించాకే అతను కూర్చోగలిగాడు.

ఆఖర్న అక్కడి జనం ముందు కూడా వట్టి తలతోనే ఆడాడు. వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతనికి మాత్రం గుబులు పట్టుకుంది.

తిరిగొచ్చాక, పెరట్లో చేపలు తోముతున్న బేబి పక్కన కూర్చుని చెప్పాడు. "గరగ లేకుండానే వచ్చిందే."

"ఏం వచ్చింది, జలుబా?" అంది. మొగుడి మొహం చూసి చెయ్యి ఆపింది. "అమ్మవారు అక్కడిదాకా వచ్చిందనుకో మావా."

"ఆవిడే వచ్చిందో, నేనే ఆడానో. ఇన్నేళ్లూ ఆడిందెవరో."

"తెలీకపోతే మానేస్తావా? ఏం తెలిసి కాపరాలు చేస్తున్నారు జనం?"

"కాపరం చేసినందుకు ఊరంతా మన కాళ్లు కడగరు కదే."

బేబి చేపని తిరగేసి తోమింది.

జాతర దగ్గర పడింది. పుకారు పల్లంరాజుగారి చెవినా పడింది. గుడి దగ్గరికి పిలిపించారు.

"ఏరా, అక్కడ నెత్తిన ఏదన్నా పెట్టుకున్నావా?"

"లేదండి. కొన్న బిందె కూడా పెట్టుకోలేదండి."

"మరింకేం. అనేవాళ్లు అంటూనే ఉంటారు. ఈ ఏడూ నువ్వే."

ఆయ్ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. "మా తమ్ముడి కొడుకు వెంకటేష్ ఎత్తుకుంటాడండి. ఉపవాసం ఉండి, వాడి తలకి నేను ఎత్తుతాను," అన్నాడు.

"నీకేం వచ్చిందిరా?"

"తెలిశాక చెప్తానండి."

"అలిగి అంటున్నావా?"

"లేదండి."

"రేపు మనసు మారితే వచ్చి చెప్పు," అన్నారాయన.

బుల్లియ్య మర్నాడు వెళ్లలేదు. ముఠాలో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పెద్దలు గరగ అతనికే ఇస్తామన్నారు. వద్దన్నది బుల్లియ్య.