ఖాళీ విత్తనాల ప్యాకెట్

బ్రాడీపేటలో నా టైపింగ్ షాపుకి వచ్చే ఆ మిరప రైతుకి మాట్లాడుతూ మాట్లాడుతూ చొక్కా జేబు తడుముకునే అలవాటుండేది. జేబులో ఖాళీ విత్తనాల ప్యాకెట్ ఉండేది. ఆ విత్తనంతో తోట నడుమెత్తు పెరిగింది గానీ కాపు రాలేదు. నష్టపరిహారం కోసం ఏ ఆఫీసుకెళ్ళినా ముందు ఒకటే అడిగేవారు: “ఒరిజినల్ ప్యాకెట్ ఏదయ్యా?”

నష్టపోయిన రైతుకి పరిహారం ఇప్పించే విత్తనాల బిల్లుని లోక్‌సభలో ప్రవేశపెట్టి కమిటీకి పంపారు. ఎవరైనా సూచనలు రాయొచ్చని పేపర్లో ప్రకటన వచ్చింది. ఆయన ఆ కటింగు పట్టుకొని పరుగున వచ్చాడు. నేను ఉత్తరం టైపు చేసి, ప్యాకెట్‌ని జిరాక్సు తీశాను.

“జిరాక్సు మన మండలాఫీసులోనే నమ్మరండీ, ఢిల్లీలో నమ్ముతారా? ఒరిజినలే పెట్టండి.”

వద్దని ఒక్కసారే అన్నాను. తర్వాత నేనే ఒరిజినల్‌ని ఉత్తరానికి పిన్ను కొట్టి ఇచ్చాను, జిరాక్సు ఇంట్లో దాచుకోమన్నాను.

అప్పట్నుంచి రెండ్రోజులకోసారి వచ్చేవాడు. “కమిటీ కూర్చుందంటారా? మన కవరు విప్పారంటారా?” అంటూ ఖాళీ జేబునే తడుముకునేవాడు. నాకేమో పేపరు తెరవాలంటేనే భయమేసేది.

కమిటీ నివేదిక ఇవ్వకముందే లోక్‌సభ రద్దయింది. దాంతోపాటే బిల్లూ చెల్లకుండా పోయింది. ఆ సంగతి నేనే చెప్పాల్సివచ్చింది.

“మరి నా ప్యాకెట్టు?” అన్నాడు.

దాన్ని తిరిగి పంపమని నేను రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

కొత్త సభలో మళ్ళీ బిల్లు పెట్టారు, మళ్ళీ కమిటీకి పంపారు. మర్నాడు నేను షట్టరు తీయకముందే ఆయన వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి అప్పటి జిరాక్సు తీసి, మడతలు సాపు చేసి నా చేతికిచ్చాడు.

“ఈసారి ఇదే ఉందండీ. నమ్ముతారంటారా?”