ఝాన్సీ కొలిచిన పంపు షాఫ్టులు

కళింగపట్నంలో ఎండుచేపలమ్మే దానమ్మ కూతురు ఝాన్సీ. పదిలో బడికే ఫస్టు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంది, అదీ పాసైంది. బొబ్బిలి దగ్గర, ఇనుమును తిప్పి చెక్కే లేతు షెడ్డులో కొలత మిషను ముందు కూర్చున్న మొదటి ఆడపిల్ల ఆమే. ఏసీ గది, నల్లరాతి బల్ల, పైనుంచి దిగే సన్నటి ప్రోబు, దాని కొసన ఎర్రటి పూస. ఆ పూస ఇరుసులాంటి షాఫ్టును చుట్టూ తాకివస్తే లావెంతో తెర మీద పడుతుంది.

దసరాకి షెడ్డులో ఆయుధపూజ ఘనంగా చేశారు. సెలవు ముగిసిన రోజే చిక్కొచ్చింది. షెడ్డులో పాత మేస్త్రీ జగన్నాధం లేతు మీద తిప్పిన పంపు షాఫ్టులన్నీ సన్నమని మిషను చూపింది. లావైతే మళ్లీ తిప్పి సరిచేయొచ్చు, సన్నమైతే తుక్కే. సాయంత్రం తుక్కు లారీకి ఎత్తించమన్నాడు మేనేజరు నరసింగరావు.

జగన్నాధం చేత్తో లావు కొలిచే మైక్రోమీటరు పట్టుకుని ఏసీ గదిలోకి వచ్చాడు.

"ఒసే, సెరుకు మిల్లు రోలర్లు నానే తిప్పినాను. రైసు మిల్లు ఇరుసులు నానే తిప్పినాను. నా షాఫ్టు సన్నమన్నోడు ఇంకా పుట్టలేదు."

"ఇప్పుడు పుట్టింది. కూకో మావా. నువ్వు అరిస్తే అవి లావెక్కవు."

"నా మైక్రోమీటరు సూడు. సరిగ్గానే ఉన్నాది."

"అది నీ సేతి వేడిని కూడా కొలుస్తాది. ఉండు, నన్ను సూడనీ."

అరిచినా, ఆయన తప్పు చేసే మనిషి కాదని ఝాన్సీకి తెలుసు. తేల్చనిదే లేవకూడదనుకుంది. పెట్టెలోంచి మాస్టరు తీసింది. కొలత ముందే తెలిసిన ఉక్కు కడ్డీ అది. కొలిస్తే అదీ సన్నమే వచ్చింది. పెట్టెలో పడున్నది చిక్కిపోదు కదా. తప్పు మిషనుదే.

గది చల్లదనం సరిగ్గానే ఉంది. పూసను స్పిరిటుతో తుడిచినా అంతే. ఇక మిగిలింది బల్ల మూలనున్న ఉక్కు గుండు. రోజూ పొద్దున్నే పూస దాన్ని తాకి తన సైజు తెలుసుకుంటుంది. గుండు మీద ఏదన్నా అంటుకుంటే మిషను పూసే లావనుకుని, ఆ మేరకు షాఫ్టును సన్నం చేసి చూపుతుంది. పొద్దున గుండు దగ్గర తేడా ఉందని తెర మీద హెచ్చరిక పడింది కూడా. సెలవుల తర్వాత మామూలేలే అని దాటేసింది ఆమె.

తడిగుడ్డతో గుండును రుద్దింది. గుడ్డ పచ్చబడింది.

"మావా, దీనికి బొట్టెట్టింది ఎవులు?"

"నానే. మిషనుకి అదే పేణమని నువ్వే సెప్పినావు కదే. దాన్నొదిలేసి బల్లకెడతానేటి?"

"పొద్దున కుంకం తుడిసినాను. కింద పసుపు ఉండిపోనాది."

నేరుగా నరసింగరావు గదికి వెళ్లింది. "సార్, పొద్దున రిపోర్టు తప్పు. హెచ్చరిక నేనే దాటేశాను. అన్నీ మళ్లీ కొలుస్తాను."

"లారీ గేటు దగ్గరుందమ్మా. ఈసారి మాత్రం తప్పు రాదని ఏంటి నమ్మకం?"

"ముందు మాస్టరు సరిగ్గా రావాలి సార్. ఆ తర్వాతే షాఫ్టు ముట్టుకుంటాను."

మాస్టరు సరిగ్గా వచ్చింది. జగన్నాధం ఒక్కో షాఫ్టు ఎత్తి అందిస్తుంటే ఆమె కొలుస్తూ పోయింది. పాసైన ప్రతిదానికీ ఆయన మీసం సవరించుకున్నాడు. చివర్లో రెండు మాత్రం సన్నంగానే తేలాయి.

"ఇంకా పసుపుందేమో సూడే."

మాస్టరు మళ్లీ పెట్టి చూపించింది. సరిగ్గా ఉంది.

"ఇవి సన్నమే మావా."

జగన్నాధం ఆ రెంటినీ చెరో చంకలో పెట్టుకుని గేటుకి నడిచాడు. ఝాన్సీ తలుపు దాకా వెళ్లింది.

"ఈ రెండేనా?" అన్నాడు లారీ డ్రైవరు.

"ఇవే. నానే తిప్పినాను," అన్నాడు జగన్నాధం.